రహస్యాలకు తాళం వేసినవాడే తీశాడు: లార్డ్ కర్జన్ కథ

మనలో చాలామందికి లార్డ్ కర్జన్ అంటే టెన్త్ సోషల్‌లో ఒక బిట్ ప్రశ్న. బెంగాల్ విభజన ఎప్పుడు? 1905. చేసింది ఎవరు? కర్జన్. మార్కు పడింది, పేజీ తిప్పేశాం.

కానీ ఆ మనిషి జీవితంలో మన పుస్తకాలు చెప్పని కథ ఇంకోటి ఉంది. అది ప్రభుత్వ రహస్యాల కథ. మన దేశంలో రహస్యాల చట్టాన్ని బిగించింది ఆయనే. తోటి అధికారి చేసిన లీకుల దెబ్బకు వైస్రాయ్ పదవి వదులుకున్నదీ ఆయనే. అనుమతి లేకుండా ఒక టెలిగ్రాం బయటపెట్టాడని తోటి మంత్రి మీద మండిపడిందీ ఆయనే. ఆ తర్వాత ఏడాదికే తన దేశానికున్న అతి విలువైన నిఘా రహస్యాన్ని ప్రత్యర్థికే నోటు రాసి పంపిందీ ఆయనే. వీటిలో దేనికి ఎవరు జవాబు చెప్పారు, దేనికి ఎవరూ చెప్పలేదు అన్నది చూస్తే, ఈ రోజుకీ పనికొచ్చే విషయం ఒకటి తెలుస్తుంది.

పెంపకం, ప్రయాణాలు

జార్జ్ నథానియల్ కర్జన్ 1859 జనవరి 11న ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్‌లో, కెడిల్‌స్టన్ హాల్ అనే పెద్ద భవంతిలో పుట్టాడు. పదకొండు మంది పిల్లల్లో ఒకడు, కొడుకుల్లో పెద్దవాడు. తండ్రి జమీందారు, చర్చి గురువు కూడా. పిల్లల్ని పెంచింది మాత్రం మిస్ పారామన్ అనే ఆయా. ఆవిడ శిక్షలు మామూలువి కావు. తప్పు చేసిన పిల్లవాడి నెత్తిన పొడుగాటి కాగితపు టోపీ పెట్టి, దాని మీద వాడి తప్పు రాసి ఊళ్ళో తిప్పేది. ఒకసారైతే తనను కొట్టడానికి బెత్తం తయారుచేయమని బట్లర్‌కి కర్జన్ చేతే ఉత్తరం రాయించి, దాన్ని నౌకర్లందరి ముందూ చదివించే ఏర్పాటు చేసింది.

ఈటన్‌లో, ఆక్స్‌ఫర్డ్‌లో చదువు బ్రహ్మాండంగా సాగింది. అయితే కుర్ర వయసులోనే వెన్నెముక దెబ్బతింది. జీవితాంతం బట్టల కింద ఉక్కు పట్టీ బిగించుకుని తిరిగాడు. నిటారుగా, బిగుసుకుపోయినట్టు నిలబడేవాడు. చూసేవాళ్ళు అది పొగరు అనుకునేవాళ్ళు. పొగరు కూడా ఉండేదనుకోండి! తోటి విద్యార్థులు ఆయన గొప్పతనం మీద ఎగతాళిగా కట్టిన పద్యం ఒకటి ముసలితనం దాకా వెంటాడింది.

1886లో పార్లమెంటు సభ్యుడయ్యాక ఆసియా అంతా తిరగడం మొదలుపెట్టాడు. 1888లో రష్యావాళ్ళు కొత్తగా వేసిన రైలెక్కి సమర్కండ్ దాకా వెళ్ళాడు. తర్వాత గుర్రం మీద పర్షియా చుట్టాడు. 1894లో పామీర్ పర్వతాలు దాటాడు, కాబూల్‌లో అమీర్‌ని కలిశాడు. ఈ తిరుగుళ్ళన్నిట్లో ఆయన మనసులో నాటుకున్నది ఒక్కటే: రష్యా ఏదో ఒక రోజు ఇండియా మీదికి వస్తుంది. ఆ భయం ఆయన్ని చివరిదాకా వదల్లేదు. ముందు ముందు జరిగే కథకు మూలం అదే.

1904: చట్టం బిగిసింది

నలభై ఏళ్ళు నిండకముందే, 1899 జనవరిలో, వైస్రాయ్‌గా పదవి చేపట్టాడు. రోజుకు గంటల తరబడి ఫైళ్ళ ముందు కూర్చునేవాడు. పురాతన కట్టడాల రక్షణ చట్టం, యూనివర్సిటీల చట్టం, రెండూ ఆయన హయాంలో 1904లో వచ్చినవే. మన వైపు కూడా ఆయన గుర్తులున్నాయి. 1902లో హైదరాబాద్ వచ్చి, నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌తో మాట్లాడి, ఏడాదికి 25 లక్షల రూపాయల మీద బేరార్‌ను శాశ్వత కౌలుకు రాయించుకున్నాడు. వరంగల్ జిల్లా నెక్కొండ దగ్గర వేటాడిన పులితో దిగిన ఫొటో ఇప్పటికీ నెట్‌లో కనిపిస్తుంది.

మన కథకు కావలసింది మాత్రం 1904లోనే వచ్చిన ఇంకో చట్టం. ఇండియాలో 1889 నుంచే అధికార రహస్యాల చట్టం ఉంది. అది ముఖ్యంగా సైనిక, నౌకాదళ విషయాలను ఉద్దేశించింది. కర్జన్ ప్రభుత్వం దాన్ని సవరిస్తూ బిల్లు తెచ్చింది. సైనిక రహస్యాలతోపాటు మామూలు పౌర పరిపాలన విషయాలను కూడా ఆ పరిధిలోకి లాగడం, తప్పు చేయలేదని నిరూపించుకునే భారాన్ని నిందితుడి మీదికి నెట్టడం ఆ బిల్లు ఉద్దేశం. శాసన మండలిలో గోపాలకృష్ణ గోఖలే గట్టిగా వ్యతిరేకించాడు. ప్రభుత్వ లోపాలను బయటపెట్టే పత్రికల నోరు నొక్కడానికే ఇది పనికొస్తుందన్నది ఆయన వాదన సారాంశం. దేశమంతటా పత్రికలు కూడా గొడవ చేశాయి. కొన్ని మార్పులు జరిగాయి, కానీ చట్టం పాసైపోయింది.

అంటే ఒక గుమస్తా కాగితం బయటికిచ్చినా, ఒక ఎడిటర్ దాన్ని అచ్చేసినా జైలుకి దారి సిద్ధమన్నమాట. మరి పైవాళ్ళు లీక్ చేస్తే? జవాబు కర్జన్‌కి మరుసటి ఏడాదే తెలిసొచ్చింది.

1905: లీకు తనకే తగిలింది

భారత సైన్యానికి సర్వసేనానిగా కిచెనర్‌ను పిలిపించుకున్నది కర్జనే. 1902 చివర్లో వచ్చిన కిచెనర్‌కి ఇక్కడి ఏర్పాటు నచ్చలేదు. వైస్రాయ్ కౌన్సిల్‌లో సైనిక వ్యవహారాలకు వేరే సభ్యుడు ఉండేవాడు. ఆ పదవి తీసేసి సైన్యం మొత్తం తన చేతికే ఇవ్వాలన్నాడు. కర్జన్ కుదరదన్నాడు. సైన్యం మీద పౌర ప్రభుత్వానికి పట్టు ఉండాలన్నది ఆయన వాదన. ఇందులో న్యాయం కర్జన్ వైపే ఉందని చెప్పుకోవాలి.

కిచెనర్ వాదనతో ఆగలేదు. ప్రభుత్వంలో జరిగే రహస్య చర్చల సమాచారాన్ని, కాగితాలను చాటుగా లండన్ పంపాడు. ఒక దారి ప్రధాని బాల్‌ఫోర్ బంధువర్గంలోని లేడీ సాల్స్‌బరీ. ఇంకో దారి యుద్ధ మంత్రి ఆఫీసులో ప్రైవేట్ సెక్రటరీగా ఉన్న మేజర్ మార్కర్. మార్కర్ నుంచి టైమ్స్ పత్రిక సైనిక విలేఖరి రెపింగ్టన్‌కి వెళ్ళేది. కర్జన్ అధికారిక లేఖ లండన్ చేరేసరికే కిచెనర్ వైపు కథ అక్కడ సగం మందికి ఎక్కేసి ఉండేది.

1905 ఆగస్టులో కర్జన్ రాజీనామా చేశాడు. వెళ్ళేముందు బెంగాల్ విభజన అమలు చేసిపోయాడు. ఆ మంట వందేమాతరం ఉద్యమమై మన రాజమండ్రి దాకా వచ్చింది. అక్కడి ట్రైనింగ్ కాలేజీ నుంచి గాడిచర్ల హరిసర్వోత్తమరావును బయటికి పంపేశారు, 1908లో పత్రికలో వచ్చిన రాతకు రాజద్రోహం కింద జైల్లో పెట్టారు. కిచెనర్ మాటేమిటి? 1909 దాకా హాయిగా సర్వసేనానిగా ఉండి, ఫీల్డ్ మార్షల్ అయి వెళ్ళాడు. రహస్యాల చట్టం పుస్తకంలో ఉంది, ఆయన జోలికి మాత్రం పోలేదు.

కోడ్ విప్పేవాళ్ళు

తర్వాత పదేళ్ళు కర్జన్‌కి గడ్డుకాలం. 1906లో భార్య మేరీ చనిపోయింది. రాజకీయాల్లో పెద్ద పదవి రాలేదు. మొదటి ప్రపంచ యుద్ధం ఆయన్ని మళ్ళీ పైకి తెచ్చింది. 1916లో యుద్ధ మంత్రివర్గంలో చేరాడు, 1919లో విదేశాంగ మంత్రి అయ్యాడు.

అదే 1919లో, గూఢచారి శాఖలను ఎలా తీర్చిదిద్దాలో చూడటానికి వేసిన మంత్రివర్గ కమిటీకి ఆయనే అధ్యక్షుడు. యుద్ధకాలంలో శత్రువుల సంకేత లిపులను విప్పిన బృందాలను కలిపి ఆ ఏడాదే ఒక కొత్త సంస్థ పెట్టారు. పేరు గవర్నమెంట్ కోడ్ అండ్ సైఫర్ స్కూల్. రెండో ప్రపంచ యుద్ధంలో బ్లెచ్లీ పార్క్‌లో ఎనిగ్మాను ఛేదించింది ఈ సంస్థే. బయటికి చెప్పిన పని ప్రభుత్వ శాఖలకు సంకేత లిపులపై సలహాలివ్వడం. లోపల పని ఇతర దేశాల టెలిగ్రాములు చదవడం. దీని అధిపతి అలస్టెయిర్ డెనిస్టన్. రష్యన్ టెలిగ్రాముల మీద కూర్చున్నది ఎర్న్‌స్ట్ ఫెటర్లైన్, ఒకప్పుడు జార్ చక్రవర్తి దగ్గర ఇదే పని చేసి, విప్లవం తర్వాత పారిపోయి వచ్చినవాడు. ఇండియాలో కూడా, సిమ్లా సైనిక కేంద్రంలో జాన్ టిల్ట్‌మన్ అనే అధికారి చిన్న బృందంతో 1921 నుంచి మాస్కో, కాబూల్, తాష్కెంట్ మధ్య నడిచే సందేశాలను విప్పుతుండేవాడు. 1922లో ఆ లండన్ సంస్థ నౌకాదళ శాఖ నుంచి విదేశాంగ శాఖకు, అంటే కర్జన్ చేతికిందకు, వచ్చింది.

ఇలాంటి సమాచారం విలువ ఎక్కడుందో మనకు బాగా అర్థమవుతుంది. పరీక్ష ముందురోజు పేపర్ చేతికొచ్చినవాడు ఏం చేస్తాడు? నోరు మూసుకుని రాసి వస్తాడు. ఆ పేపర్ పట్టుకుని వార్డెన్ ముందు ఊపితే వీడి పనీ అయిపోతుంది, రెండోసారి పేపరూ రాదు.

కానీ 1920 ఆగస్టులో లాయిడ్ జార్జ్ ప్రభుత్వం అదే పని చేసింది. డెయిలీ హెరాల్డ్ అనే కార్మిక పక్ష పత్రికకు రష్యా డబ్బు ముడుతోందని చూపించడానికి, విప్పిన రష్యన్ సందేశాలు ఎనిమిదింటిని మిగతా పత్రికలకు ఇచ్చేసింది. సమాచారం వేరే దేశం నుంచి వచ్చినట్టు కథ అల్లుదామనుకున్నారు. టైమ్స్ పత్రిక మాత్రం వీటిని బ్రిటిష్ ప్రభుత్వమే పట్టుకుందని సూటిగా రాసేసింది. కొన్ని నెలల్లో రష్యా తన లిపులు మార్చింది. ఫెటర్లైన్ బృందం మళ్ళీ మొదటి నుంచి కుస్తీ పట్టాల్సి వచ్చింది. ఈ నష్టానికి ఏ మంత్రీ సంజాయిషీ ఇచ్చుకోలేదు.

ఒక మంత్రి పోయాడు

1921 సెప్టెంబరులో కర్జన్ ఇంకో గోతిలో పడ్డాడు. ఇండియాలో, ఆసియాలో రష్యా కుట్రలు చేస్తోందంటూ మాస్కోకి ఘాటైన నోటు పంపాడు. అందులో వాడిన ఆధారాలు కొన్ని నకిలీలు. ఎవరో సృష్టించి అమ్ముకున్న కాగితాలు. సోవియట్ విదేశాంగ శాఖ తరఫున లిట్వినోవ్ ఆ తప్పులన్నీ ఏకరువు పెట్టి పరువు తీశాడు. కర్జన్ లాంటి మనిషికి అది ఎంత అవమానమో ఊహించండి.

1922 మార్చిలో జరిగింది చూడండి. టర్కీ విషయంలో భారత ముస్లింల మనోభావాలను గౌరవించాలని, ఖిలాఫత్ ఆందోళన నేపథ్యంలో, వైస్రాయ్ రీడింగ్ ఒక టెలిగ్రాం పంపాడు. దాన్ని ప్రచురించడానికి భారత వ్యవహారాల మంత్రి ఎడ్విన్ మాంటేగు మంత్రివర్గాన్ని అడక్కుండానే సరేనన్నాడు. టర్కీ చర్చలకు సిద్ధమవుతున్న కర్జన్‌కి ఒళ్ళు మండింది. మంత్రివర్గ సమష్టి బాధ్యత ఏమైందన్నారు. మాంటేగు రాజీనామా చేయాల్సి వచ్చింది. కర్జన్ తనకు గద్దిస్తూ ఉత్తరం రాశాడని ఆ తర్వాత ఆయన బహిరంగ సభలోనే వాపోయాడు.

గమనించాల్సింది ఏమిటంటే, ఆ టెలిగ్రాంలో గూఢచారి సమాచారం లేదు, దాని వల్ల ఏ కోడూ పాడవలేదు. అందులో ఉన్నది ఇండియా ప్రభుత్వ అభిప్రాయం. తప్పల్లా అనుమతి తీసుకోకపోవడమే.

ఆ చలికాలం లోజాన్‌లో టర్కీతో సంధి చర్చలు జరిగాయి. అంకారాతో టర్కీ బృందం నడిపే టెలిగ్రాములు బ్రిటిష్‌వాళ్ళు చదువుతున్నారు. కర్జన్ అక్కడ ఆ సమాచారాన్ని గుట్టుగా, తెలివిగా వాడుకున్నాడు. అంటే రహస్యాన్ని దాచుకుని వాడటం ఆయనకు చేతకాని పనేమీ కాదు.

1923 మే

ఆ వసంతంలో కాబూల్‌లోని సోవియట్ రాయబారి రస్కోల్నికోవ్ టెలిగ్రాములు కర్జన్ బల్ల మీదికి వచ్చాయి. ఇండియా సరిహద్దులోని వజీరిస్తాన్ తెగలకు డబ్బు, తూటాలు అందించడం గురించి వాటిలో ఉంది. జీవితమంతా భయపడిన విషయానికి సాక్ష్యం దొరికింది. కానీ 1921 అవమానం గుర్తుంది. ఈసారి ఎవరూ నకిలీ అనలేని ఆధారం కావాలి. అలాంటిది ఒక్కటే ఉంది: వాళ్ళ సొంత టెలిగ్రాములు.

మే 8న మాస్కోలోని బ్రిటిష్ ప్రతినిధి హాడ్జ్‌సన్ చేత కర్జన్ తాఖీదు అందజేయించాడు. ప్రచారం ఆపాలి, పట్టుకున్న చేపల పడవలకు, బ్రిటిష్ పౌరులకు జరిగిన అన్యాయానికి పరిహారం ఇవ్వాలి, గడువు పది రోజులు, లేకపోతే వాణిజ్య ఒప్పందం రద్దు. అందులో రస్కోల్నికోవ్‌కీ మాస్కోకీ మధ్య నడిచిన సందేశాలను తేదీలతో సహా ఉదహరించాడు. మీ ఉత్తరాలు మీరే గుర్తుపడతారులెండి అన్నట్టు ఎత్తిపొడిచాడు కూడా. చిన్నప్పుడు తన ఉత్తరాన్ని పదిమందిలో చదివించిన ఆయా సంగతి ఆయనకు గుర్తొచ్చిందో లేదో గానీ, ఇప్పుడు తాను అదే చేశాడు.

సోవియట్ ప్రభుత్వం కొన్ని డిమాండ్లకు తలొగ్గింది. రస్కోల్నికోవ్ తర్వాత కాబూల్ నుంచి వెళ్ళిపోయాడు. కర్జన్ ఇది తన విజయం అనుకున్నాడు. పార్లమెంటులో చర్చ ప్రధానంగా రష్యాతో తెగదెంపులు చేసుకోవాలా వద్దా అన్నదాని మీదే సాగింది. కోడ్ విప్పేవాళ్ళ సంగతి పార్లమెంటుకు తెలియదు, తెలిసినవాళ్ళు నోరు విప్పకూడదు. రష్యా మళ్ళీ లిపులు మార్చింది. ఈసారి మంత్రివర్గం ఆమోదం ఉంది కాబట్టి రాజీనామా ప్రశ్నే రాలేదు.

తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అదే 1923 ఏప్రిల్ 2న ఇండియాలో కొత్త అధికార రహస్యాల చట్టం వచ్చింది, పాత చట్టాల స్థానంలో. ఇక్కడ రహస్యం బయటపెట్టినవాడికి జైలు అని రాసిన నెల తర్వాత, అక్కడ మంత్రి రహస్యాన్ని ప్రత్యర్థికి స్వయంగా పంపాడు.

చివరి రోజులు, ఆ తర్వాత

ఆ మే నెలలోనే ప్రధాని బోనర్ లా అనారోగ్యంతో తప్పుకున్నాడు. తనకే పిలుపొస్తుందని కర్జన్ నమ్మాడు. లండన్ రమ్మని టెలిగ్రాం వస్తే పట్టలేని ఆశతో వెళ్ళాడు. రాజు ఎంచుకున్నది బాల్డ్విన్‌ని అని అక్కడ తెలిసింది. ఆ ఏడాది చివర్లో ఇంకో దెబ్బ. విప్పిన ఫ్రెంచి టెలిగ్రాములు చదువుతుంటే, తనను పదవి నుంచి తప్పించడానికి ఫ్రెంచి రాయబారి ఒక లండన్ ఎడిటర్‌తో కలిసి మంతనాలు సాగిస్తున్నాడని కనిపించింది. ఇతరుల ఉత్తరాలు చదివే అలవాటు అలాంటి చేదును కూడా తెస్తుంది మరి.

1925 మార్చి 20న లండన్‌లో కర్జన్ చనిపోయాడు. వయసు 66. కెడిల్‌స్టన్‌లోనే సమాధి చేశారు.

ఆయన వేసిన దారి మాత్రం ఆయనతో పోలేదు. 1927 మేలో లండన్‌లోని ఆర్కోస్ అనే సోవియట్ వాణిజ్య సంస్థ మీద పోలీసులు దాడి చేశారు. చెప్పుకోదగ్గ ఆధారం దొరకలేదు. పరువు కాపాడుకోవడానికి ప్రధాని బాల్డ్విన్ మే 24న పార్లమెంటులో విప్పిన రష్యన్ టెలిగ్రాములు చదివి వినిపించాడు. ఈసారి రష్యా లిపులు మార్చి ఊరుకోలేదు. వన్-టైమ్ ప్యాడ్‌కి మారిపోయింది. క్రిప్టోగ్రఫీ చదివినవాళ్ళకు తెలుసు: సందేశమంత పొడవున్న కీ, అది కూడా రాండమ్‌గా ఉండి, ఒక్కసారే వాడితే దాన్ని విప్పడం గణితపరంగానే అసాధ్యం. ఫెటర్లైన్ లాంటి మేధావి కూడా ఏమీ చేయలేడు. రెండో ప్రపంచ యుద్ధం దాకా సోవియట్ దౌత్య సందేశాల్లో ముఖ్యమైనవేవీ బ్రిటన్ చదవలేకపోయింది. ప్రభుత్వమే తమ పనిని బయటపెట్టి పాడుచేసిందని డెనిస్టన్ తర్వాత తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. దీనికీ ఏ మంత్రి పదవీ పోలేదు.

కర్జన్‌ని పూర్తిగా తప్పుపట్టడం కూడా సరికాదు. నిఘా సమాచారం ఎప్పటికీ పెట్టెలోనే ఉంటే దాని వల్ల ఉపయోగం లేదు. అవసరమైనప్పుడు ప్రజల ముందు ఆధారం పెట్టాల్సిందే, నకిలీ కాగితాలు పెట్టడం కంటే అసలైనవి పెట్టడం నయమే. అయితే ఆ నిర్ణయం ఖరీదు ఎంత, దాన్ని ఎవరు లెక్క కట్టారు, తప్పయితే ఎవరు బాధ్యులు అన్నది ఎవరో ఒకరు అడగాలి. కర్జన్ కాలంలో అడిగే వీలే లేదు. అందుకే గుమస్తాకి చట్టం వర్తించింది, ఒంటరిగా పోయిన మంత్రికి పదవి పోయింది, ప్రభుత్వం మొత్తం కలిసి చేసిన లీకుకు ఏమీ కాలేదు. శిక్ష జరిగిన నష్టాన్ని బట్టి పడలేదు, చేసినవాడి స్థాయిని బట్టి పడింది.

ఆ 1923 చట్టం మన దేశంలో ఇప్పటికీ అమల్లో ఉంది. దాన్ని రద్దు చేయాలని రెండో పరిపాలనా సంస్కరణల కమిషన్ 2006లో సిఫారసు చేసింది. 2005 సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 8(2), ప్రజా ప్రయోజనం ఎక్కువని తేలితే ఆ చట్టం అడ్డున్నా సమాచారం ఇవ్వొచ్చని ఒక కిటికీ తెరిచింది. ఇకమీదట ఏ దేశంలోనైనా విశ్వసనీయ వర్గాల పేరుతో నిఘా సమాచారం పేపర్లోనో టీవీలోనో కనిపిస్తే, అది నిజమా కాదా అన్నదాంతో ఆగకండి. ఎవరికి లాభం కోసం బయటికొచ్చింది, దాంతో ఏ తలుపు మూసుకుపోయింది, కింది ఉద్యోగి అదే పని చేస్తే ఏమయ్యేది అని కూడా అడగండి. కర్జన్ గురించి బిట్ ప్రశ్న కంటే ఈ మూడు ప్రశ్నలు ఎక్కువ కాలం గుర్తుంచుకోదగ్గవి.